మెడలో 'అదర్స్' కార్డు: ఒక జీఎస్టీ స్టడీ సర్కిల్ ఏడాది సభ్యత్వంపై సమీక్ష

విజయవాడలో ప్రతి నెలా రెండో శనివారం ఒక హోటల్ సమావేశ మందిరంలో జరిగే జీఎస్టీ స్టడీ సర్కిల్‌లో నేను 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సభ్యత్వం తీసుకుని, పన్నెండు సమావేశాలలో తొమ్మిదింటికి హాజరయ్యాను. పన్ను వృత్తిలో ఉన్నవారందరికీ ఈ సర్కిల్ అని వారి కరపత్రంలో ఉన్నది. ఆ 'అందరికీ' అన్న మాట నా వంటివారి విషయంలో ఎంతవరకు నిలిచిందో చెప్పడమే నా ఉద్దేశం కనుక నిర్వాహకుల పేరు రాయడం లేదు.

నేను తెనాలిలో పని చేస్తున్న జీఎస్టీ ప్రాక్టీషనర్‌ను, అంటే వ్యాపారుల తరఫున జీఎస్టీ రిటర్నులు వేసేందుకు అనుమతి ఉన్నవారిలో ఒకరిని. చార్టర్డ్ అకౌంటెంటును కాను. అందుకోసం పెట్టే, 100 ప్రశ్నలకు 200 మార్కులుండే పరీక్షలో ఉత్తీర్ణత పొంది, కిరాణా హోల్‌సేలర్లు, బియ్యం వ్యాపారులు, దుగ్గిరాల పసుపు యార్డులోని కమీషన్ ఏజెంట్ల రిటర్నులు చూస్తున్నాను. మా ఊళ్లో పన్ను కాగితాలు పట్టుకున్న ప్రతివారినీ 'ఆడిటర్ గారు' అనే పిలుస్తారు, నేను ఆడిటర్‌ను కానని పార్టీలకు చెప్పడం ఎప్పుడో మానేశాను. సుమారు 30 కిలోమీటర్లు రైలులో వెళ్లి ఆ హాలులో అడుగుపెట్టగానే నేనెవరిని కానో అక్కడివారు గుర్తు చేసేవారు. కటువుగా కాదు, మర్యాదగానే.

చేరే రోజున నింపిన దరఖాస్తులో వృత్తి అన్న చోట చార్టర్డ్ అకౌంటెంట్, కాస్ట్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, అడ్వకేట్ అన్న నాలుగు గళ్లు, వాటి కింద 'అదర్స్' అన్న ఐదో గడి ఉన్నాయి. నేను ఐదో గడిలో టిక్కు పెట్టాను. మొదటి సమావేశానికి వెళితే మెడలో వేసుకునే కార్డు మీద నా పేరు కింద 'అదర్స్' అని అచ్చువేసి ఇచ్చారు. అది కంప్యూటర్ చేసిన పనే తప్ప ఎవరి దురుద్దేశమూ కాదని తెలిసినా, ఆ కార్డును మూడు సమావేశాల దాకా తిరగేసే వేసుకున్నాను. నిజానికి జీఎస్టీ చట్టంలోని 116వ సెక్షన్ అధికారి ముందు పార్టీ తరఫున హాజరు కాగలవారి జాబితాలో న్యాయవాదిని, చార్టర్డ్ అకౌంటెంటును చేర్చినట్టే జీఎస్టీ ప్రాక్టీషనర్‌నూ చేర్చింది. నెలనెలా ఆ చట్టాన్నే బోధించే సర్కిల్ దరఖాస్తులో మాకొక గడి లేకపోవడం వింతగానే తోచింది.

చందా 6,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,080 రూపాయలు. పెద్ద ఫర్ములు ఆ 1,080ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటాయి, అంటే తాము కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాయి. సేవల ద్వారా ఏడాదికి 20 లక్షలు దాటని నాకు రిజిస్ట్రేషన్ అవసరం లేదు కనుక ఆ మొత్తం ఖర్చు కిందే పోయింది. ఇది వారి తప్పు కాదు, చట్టం తీరు.

బోధన విషయంలో మాత్రం వంక పెట్టలేను. 2024 నవంబరులో ఒక సీనియర్ న్యాయవాది కొత్తగా చేర్చిన 16(5) ఉపసెక్షన్ గురించి రెండు గంటలు మాట్లాడారు. 2017-18 నుంచి 2020-21 వరకు నాలుగు సంవత్సరాలకు సంబంధించిన క్రెడిట్‌ను 2021 నవంబరు 30లోపు వేసిన రిటర్నులో తీసుకుని ఉంటే చెల్లుతుందని, దాన్ని కాదంటూ అప్పటికే ఇచ్చిన ఉత్తర్వులను సవరించమని అక్టోబరు 8 నాటి నోటిఫికేషన్ ప్రకారం ఆరు నెలలలోపు దరఖాస్తు చేసుకోవచ్చని, ఆ దరఖాస్తు ఎలా రాయాలో కూడా ఆయన తెర మీద చూపించారు. మా కిరాణా వ్యాపారి ఒకరు 2018-19 రిటర్నులను ఆలస్యంగా 2020లో వేసినందుకు క్రెడిట్ చెల్లదంటూ వచ్చిన ఉత్తర్వు అప్పటికి నా బల్ల మీదే ఉన్నది. ఆ దరఖాస్తు వేశాను, డిమాండు పోయింది. నా చందా ఆ ఒక్క పూటతోనే గిట్టిందని ఒప్పుకోవాలి.

రెండో శనివారం అంటే 8వ తేదీకి, 14వ తేదీకి మధ్య పడుతుంది. నెలవారీ అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 రిటర్ను గడువు 11. ఫర్ములలో ఆ పని సహాయకులు చూసుకుంటారు కనుక పెద్దలకు శనివారం ఖాళీ దొరుకుతుంది, నా వంటి ఒంటరి ప్రాక్టీషనర్‌కు మాత్రం నెలలో అంతకంటే ఊపిరాడని వారం మరొకటి ఉండదు. నేను పోగొట్టుకున్న మూడు సమావేశాలూ ఇందువల్లనే. తేదీ మార్చమని అడిగితే, చాలామందికి ఇదే అనుకూలమని సమాధానం వచ్చింది.

అక్కడ మాట్లాడడం ఎందుకంత కష్టమైందో చెప్పాలి. వక్తకు ప్రశ్న వేసేవారు ముందుగా తమ పేరు, ఫర్మ్ పేరు చెప్పడం ఆనవాయితీ. ఆగస్టులో నేను లేచి, దుగ్గిరాల యార్డులో పసుపు అమ్మించే ఏజెంటు కమీషన్ మీద పన్ను పడుతుందా అని అడిగాను. వ్యవసాయ ఉత్పత్తికి సంబంధించిన కమీషన్‌కు మినహాయింపు ఉన్నది. ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో పాలిష్ పట్టిన పసుపు ఇంకా వ్యవసాయ ఉత్పత్తే అవుతుందా అన్నదే చిక్కు. సమన్వయకర్త "ఏ ఫర్మ్ అండీ?" అని అడిగి, ఇది ప్రాథమిక ప్రశ్న కనుక టీ విరామంలో చూద్దామన్నారు. నేను కూర్చున్నాను. కూర్చోకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది.

విరామంలో వక్తే నన్ను వెతుక్కుంటూ వచ్చి, ఆ పాలిష్ ఎవరు పడతారని అడిగారు. నిర్వచనంలోని మెలిక కూడా అక్కడే ఉన్నది: రైతు మామూలుగా చేసుకునే ప్రక్రియ అయి, సరుకు ముఖ్య లక్షణాలను మార్చకుండా తొలి మార్కెట్‌కు అమ్మదగినదిగా చేసేదైతే మినహాయింపు నిలబడుతుంది. కొమ్ములు, కాయలు వేరుచేసి రైతే డ్రమ్ము తిప్పించి యార్డుకు తెస్తాడని నేను చెబుతుంటే ఆయన రాసుకున్నారు. మా చుట్టూ టీ తాగుతున్న నలుగురైదుగురు తమ ఆర్టికల్‌షిప్ (చార్టర్డ్ అకౌంటెంట్ శిక్షణ) రోజుల్లో పని నేర్పిన ప్రిన్సిపాళ్ల కోపతాపాలు చెప్పుకుని నవ్వుకుంటున్నారు. తిరిగి హాలులోకి వెళ్లాక ఆ పసుపు మాట వేదిక మీదికి రాలేదు.

భోజనాల వేళ కూడా అంతే. ఎవరు ఏ బ్యాచ్, ఈ ఏడాది ఎన్ని సీపీఈ (వృత్తిలో ఉన్నవారు పూర్తి చేయాల్సిన శిక్షణ) గంటలు పూర్తయ్యాయి అన్న కబుర్లలో నాకు భాగం లేదు. ఒకసారి ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన ఆహార ధాన్యాల మీద 2022 జులై 18 నుంచి వచ్చిన 5 శాతం పన్ను గురించి గంటసేపు పాఠం జరిగింది. 25 కిలోలు దాటితే పన్ను లేదన్నారే కానీ, మన బజారులో బియ్యం బస్తా 26 కిలోలైన సంగతి వేదిక మీద ఎవరూ ఎత్తలేదు. వెనుక వరుసలో మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఆ ఇద్దరూ 'అదర్స్' కార్డువారే, ఒకరు గుడివాడ, ఒకరు ఏలూరు. ఇప్పుడు మేము వారానికొకసారి ఫోనులో మాట్లాడుకుంటాం.

చార్టర్డ్ అకౌంటెంట్లకు ఈ సర్కిల్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. నాలాంటివారికి పాఠాలు, నోట్సు పనికొస్తాయి, పరిచయాలు మాత్రం ఆశించవద్దు. సమావేశాల వీడియోలు, నోట్సు మాత్రమే ఇచ్చే 2,500 రూపాయల చందా ఒకటి ఉన్నది. ఈ ఏడాది దానికే కట్టాను. ఆ దరఖాస్తులోనూ ఐదో గడి 'అదర్స్' అనే ఉన్నది కానీ, దీనికి మెడలో వేసుకునే కార్డు ఇవ్వరు.