టెఫెల్ కోర్సుకి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

టెఫెల్ అంటే ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి ఇచ్చే టీచర్ శిక్షణ. 180 గంటల ఇంటర్నేషనల్ సర్టిఫికెట్, వియత్నాంలో ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ నా దగ్గర 48,000 రూపాయలు కట్టించుకుంది. కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్ చేతికొచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. డీఎస్సీ కోసం ఎదురుచూసి విసిగి, బీఈడీ పట్టాతో ఇటువైపు చూస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కోర్సంతా పీడీఎఫ్‌లే. ఒక్కో పాఠం చివర కొన్ని బిట్లు ఉంటాయి, సరైన జవాబు తగిలేదాకా నొక్కుతూ పోవచ్చు. చివర్లో టీచింగ్ ప్రాక్టీస్ అన్నారు. ఎదురుగా ఒక్క విద్యార్థి కూడా లేకుండా, ఫోన్ ముందు నిలబడి ప్రెజెంట్ పర్ఫెక్ట్ మీద పాఠం చెప్పి వీడియో పంపాలి. మర్నాడు 'ఎక్సలెంట్' అని ఒక్క ముక్క వచ్చింది, అంతే. బీఈడీలో మా మెథడ్ మేడమ్ వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా చూసి, లెసన్ ప్లాన్ మీద ఎర్ర ఇంకుతో పేజీ నిండా రాసేవారు. ఆ పేజీలో సగం విలువ కూడా ఈ 180 గంటల్లో లేదు.

వియత్నాం రాజధాని హనోయ్‌లో ఒక ఇంగ్లిష్ సెంటర్‌కి అప్లై చేస్తే వాళ్లు మొదట అడిగింది ఇదే: మీరు నిజమైన విద్యార్థులకు పాఠం చెబుతుంటే ట్రైనర్ చూసి మార్కులు వేసిన గంటలెన్ని? నా సర్టిఫికెట్‌లో గోల్డ్ సీలు, క్యూఆర్ కోడ్ ఉన్నాయి గానీ ఆ వివరం లేదు.

టెఫెల్ అనే పేరు మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు, ఎవరైనా ఆ పేరుతో సర్టిఫికెట్ ప్రింట్ చేసుకోవచ్చు. కింద వేసే అక్రెడిటేషన్ లోగోలు చాలావరకు ప్రైవేటు సంస్థలవే. ఎక్కువ దేశాల్లో గట్టిగా చెల్లేవి రెండు: కేంబ్రిడ్జ్ ఇచ్చే సెల్టా, ట్రినిటీ కాలేజ్ లండన్ ఇచ్చే సెర్ట్‌టీసాల్. రెండూ ఇంగ్లండ్‌లో కోర్సులు, పరీక్షలను నియంత్రించే ఆఫ్‌క్వాల్ లెక్కలో లెవెల్ 5, అంటే దాదాపు డిగ్రీ రెండో ఏడాది స్థాయి. రెండింటిలోనూ నిజమైన విద్యార్థులకు ఆరు గంటలు పాఠం చెప్పాలి, ట్రైనర్ చూసి తప్పొప్పులు చెబుతారు. సెల్టా ఆన్‌లైన్‌లో చేసినా ఆ ఆరు గంటలు తప్పవు. ఫీజు లక్ష దాటుతుంది, అది భారమే. అయినా నా 48,000తో పోలిస్తే అదే దక్కే డబ్బు.

ఇక్కడే ఇంకో మాయ ఉంది. 'మాదీ లెవెల్ 5' అని చెప్పే ఆన్‌లైన్ కోర్సులున్నాయి. కొన్నిటికి ఆఫ్‌క్వాల్ గుర్తింపు నిజంగానే ఉంటుంది, కానీ క్లాస్‌రూమ్ ప్రాక్టీస్ ఉండదు. అలాగే కేంబ్రిడ్జ్ పేరు చూపించి టీకేటీ (టీచింగ్ నాలెడ్జ్ టెస్ట్) అంటగడతారు. అది మంచి పరీక్షే, కాకపోతే రాతపరీక్ష మాత్రమే, సెల్టాతో సమానం కాదు.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మన పాస్‌పోర్టు. దక్షిణ కొరియాలో ఇంగ్లిష్ టీచర్లకిచ్చే ఈ-2 వీసా ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్న ఏడు దేశాల వాళ్లకే; 2010లో అమల్లోకొచ్చిన భారత్-కొరియా వాణిజ్య ఒప్పందం కింద మనకున్న సన్నని దారి కూడా టీచర్ అర్హత ఉన్నవాళ్లకే. చైనా కూడా సాధారణంగా ఇంగ్లిష్ మాతృభాష దేశాల వాళ్లనే తీసుకుంటుంది. థాయ్‌లాండ్‌లో డిగ్రీతో పాటు మనలాంటి వాళ్లను టోయిక్ లాంటి ఇంగ్లిష్ పరీక్ష స్కోరు అడుగుతారు. గల్ఫ్‌లోని ఇండియన్ స్కూళ్లకైతే బీఈడీ, అనుభవం, అటెస్టేషన్ చేయించిన సర్టిఫికెట్లు కావాలి. అక్కడ మీ బీఈడీ ముందు ఈ టెఫెల్ కాగితం దిగదుడుపే! ఇవేవీ కౌన్సెలర్ చెప్పడు.

గ్యారంటీ గురించి నిలదీస్తే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించారు: 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అని ఉంది, అంటే ఉద్యోగం వెతకడంలో సాయం మాత్రమే. ఆ తర్వాత, టూరిస్ట్ వీసా మీద వెళ్లిపోండి, అక్కడికెళ్లాక వర్క్ పర్మిట్ చూసుకుందాం అన్నారు. దయచేసి ఎవరూ ఒప్పుకోకండి. అలా పనిచేస్తే పట్టుబడేది మనం, వాళ్లు కాదు. విదేశీ ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటుకి కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి. సర్వీస్ చార్జీ 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించకూడదు. మా ఇన్‌స్టిట్యూట్ పేరు ఆ జాబితాలో లేదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. ఫీజు ఇంకా తిరిగి రాలేదు. మీరూ ఇలాగే కట్టి ఉంటే రసీదు, వాళ్లు గ్యారంటీ అని పంపిన వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఫిర్యాదుకి అవే జత చేయాలి.