గ్రేటర్ హైదరాబాద్‌లో ఇంటి కరెంటు: సరఫరా బాగుంది, బిల్లే చెప్పవలసినది చెప్పడం లేదు

గ్రేటర్ హైదరాబాద్‌లోని ఇళ్లకు దక్షిణ డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ), అంటే టీజీఎస్పీడీసీఎల్, అందిస్తున్న విద్యుత్ సేవను ఒక గృహ వినియోగదారుడి దృష్టితో సమీక్షించడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ముంబయి శివార్లలో ఉన్నట్టుగా ఇద్దరు సరఫరాదారుల్లో ఒకరిని ఎంచుకునే వీలు మనకు లేదు. నచ్చకపోతే మరో దుకాణానికి వెళ్లగలిగిన సరుకు కాదు కనుక ఇక్కడ కొనాలా వద్దా అన్న ప్రశ్నే రాదు. ఈ సేవను తెలిసి వాడుకోవడం ఎలా, దాని నుంచి ఇంకా ఏమి అడగాలి అన్నవే మిగిలే ప్రశ్నలు.

ముందుగా సరఫరా సంగతి. 2012, 2013 సంవత్సరాల్లో ఈ నగరంలో ఉన్నవారికి గంటల లెక్కన కోతలు, పరిశ్రమలకు పవర్ హాలిడేలు గుర్తుండే ఉంటాయి. ఆనాడు మధ్యతరగతి ఇంట్లో ఇన్వర్టరు, బ్యాటరీ లేకుండా వేసవి గడిచేది కాదు. ఇప్పుడు ప్రకటిత కోతలు లేవు. కరెంటు పోయిందంటే చాలావరకు ఈదురుగాలికి కొమ్మ విరిగి తీగల మీద పడడమో, ఫీడరులో (సబ్‌స్టేషను నుంచి కాలనీలకు కరెంటు తెచ్చే లైనులో) లోపమో, మరమ్మతు కోసం లైను ఆపడమో కారణమవుతోంది. కోత వేరు, అంతరాయం వేరు. ఉత్పత్తి చాలక ఆపవలసి వస్తే అది కోత. ఉన్న కరెంటు ఇంటిదాకా రాలేకపోతే అది అంతరాయం. మొదటి సమస్యను అధిగమించడం చిన్న విజయమేమీ కాదు, అందుకు ఈ సేవకు నిండు మార్కులు వేస్తాను. ఫిర్యాదుకు దేశమంతటా పనిచేసే 1912 నంబరు ఉంది. అక్కడ పరిష్కారం కాకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం మహానగరాల్లో కొత్త కనెక్షను మూడు రోజుల్లో ఇవ్వాలి. ఈ హక్కుల గురించి తెలిసినవారు తక్కువ కాబట్టి వాటిని ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

రెండవ సమస్య, అంటే చివరి వందల మీటర్ల సమస్య, నగర వినియోగం మారుతున్న తీరుతో ముడిపడి ఉంది. తెలంగాణ రాష్ట్రం మొత్తం మీద గరిష్ఠ డిమాండు 2024లో మార్చి 8న 15,623 మెగావాట్లకు, 2025లో మార్చి 20న 17,162 మెగావాట్లకు చేరింది. రెండుసార్లూ మార్చి నెలే కావడానికి కారణం యాసంగి పంట. వరి చేతికొచ్చే ముందు లక్షల బోరు మోటార్లు ఒకేసారి తిరుగుతాయి. హైదరాబాద్ నగరం మాత్రం ఆ క్యాలెండరును అనుసరించదు. 2024లో గ్రేటర్ పరిధిలోని డిమాండు 4,300 మెగావాట్లు దాటింది మే మొదటి వారంలో, అప్పటికి పల్లెల్లో వరి కోతలు సాగుతూ మోటార్ల లోడు తగ్గిపోయి ఉంటుంది. అంతకు ముందు ఏడాది వేసవిలో నగర డిమాండు 4,000 మెగావాట్లను అందుకోలేదు. ఒక్క ఏడాదిలో వచ్చిన ఆ తేడాను కొత్త ఇళ్లు, కొత్త కార్యాలయాలు మాత్రమే వివరించలేవు. ఎండ తీవ్రతకు తగ్గట్టు పెరిగి, ఒక వాన కురవగానే వందల మెగావాట్లు దిగిపోయే లోడు ఇది. దానిలో ప్రధాన భాగం ఏసీలదే, కూలర్లదే.

జనసాంద్రత ఈ లోడును మరింత క్లిష్టం చేస్తోంది. 2011 జనాభా లెక్కల ప్రకారమే హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా జనం ఉన్నారు. గోడకు గోడ ఆనుకుని ఉన్న పాతబస్తీ ఇళ్లలోనూ, అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల సందుల్లో లేచిన అయిదంతస్తుల అపార్ట్‌మెంట్లలోనూ పగలంతా కాగిన కాంక్రీటు రాత్రి వేడిని వదులుతుంది. ఏసీల బయటి యూనిట్లు గదిలోని వేడిని తెచ్చి అదే సందులోకి ఊదుతాయి. పక్కింటివారు కిటికీ మూసుకోవలసి వస్తుంది, కొన్నాళ్లకు వారూ ఏసీ కొనవలసి వస్తుంది. మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లో కార్యాలయాల లోడు పగలు ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. నివాస ప్రాంతాల్లో భోజనాలయ్యాక పెరిగి అర్ధరాత్రి దాటేవరకు నిలిచి ఉంటుంది. కాలనీలో ఒక 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు ఉందనుకుందాం. అది మోయగలిగినది దాదాపు 140 కిలోవాట్లు. దాని కింద ఉన్న ఇళ్లలో అరవై ఇళ్లవారు ఒక్కొక్క టన్నున్నర ఏసీని రాత్రి పది గంటలకు ఆన్ చేస్తే, గది చల్లబడేదాకా ఆ ఏసీలకే 90 కిలోవాట్లు కావాలి. పగలు మోసిన లోడుతో వేడెక్కిన ట్రాన్స్‌ఫార్మరుకు రాత్రయినా చల్లారే వ్యవధి దొరకదు. లో వోల్టేజి రావడం, ఫ్యూజులు పోవడం అక్కడ మొదలవుతాయి. రాష్ట్రానికి కరెంటు ఎంత సమకూరినా ఈ చిక్కు తీరదు, ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు, 33/11 కేవీ సబ్‌స్టేషన్లు పెరగాలి. ఇరుకు బస్తీలో ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె కట్టడానికి నాలుగు గజాల స్థలం దొరకడమే కష్టం. కాలనీ సంఘాలు ఈ విషయంలో సంస్థకు సహకరించాలని నా గట్టి అభిప్రాయం.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి నగరానికి భారమవుతున్నది ఏ గంటలో వాడుతున్నాం అన్నదే. మన చేతికి వచ్చే బిల్లు మాత్రం నెలకు ఎన్ని యూనిట్లు అన్నది ఒక్కటే చూస్తుంది. ఈ సేవ మీద నా ప్రధాన విమర్శ ఇదే. గత రీడింగు, ప్రస్తుత రీడింగు, తేడా, స్లాబు (వాడిన యూనిట్లను బట్టి మారే ధరల మెట్టు) ప్రకారం సొమ్ము అన్న చట్రంలో మన వాడకం ఎప్పుడు పెరిగిందో, ఎందుకు పెరిగిందో కనిపించదు.

స్లాబుల అమరిక కూడా చాలామందికి అర్థం కాని విధంగా ఉంది. 2022 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చి తరువాతి ఏళ్లలోనూ కొనసాగిన గృహ విభాగపు ధరలనే తీసుకుందాం. నెల వాడకం వంద దాటి 200 యూనిట్ల వరకు ఉన్నవారికి మొదటి వంద యూనిట్లకు యూనిట్‌కు 3.40 రూపాయలు, తరువాతి వందకు 4.80 రూపాయలు పడుతుంది. అంటే 200 యూనిట్లకు ఎనర్జీ చార్జీ, వాడిన యూనిట్లకు పడే సొమ్ము, 820 రూపాయలు. వాడకం 201 అయిన మరుక్షణం వినియోగదారుడు పై వర్గంలోకి వెళతాడు, అక్కడ మొదటి 200 యూనిట్లకూ 5.10 రూపాయలే లెక్క, ఆపై యూనిట్‌కు 7.70. మొత్తం 1,027.70 రూపాయలవుతుంది. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయల 70 పైసలు! వంద యూనిట్ల లోపు వాడేవారికి ధరలు ఇంకా తక్కువ కనుక వంద దగ్గర కూడా ఇటువంటి మెట్టే ఉంది, అక్కడ ఎనర్జీ చార్జీ 252.50 రూపాయల నుంచి 344.80కి పెరుగుతుంది. రాష్ట్ర ప్రభుత్వ పథకం గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబం ఆ గీత దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి కనుక వారికి ఈ మెట్టు ఇంకా నిటారుగా ఉంటుంది. తక్కువ వాడేవారికి తక్కువ ధర ఉండాలన్న సూత్రంతో నాకు పేచీ లేదు, అది న్యాయమైనదే. కానీ గీతకు ఇవతల ఎంత దూరంలో ఉన్నామో నెల మధ్యలో తెలియజేయకుండా, దాటాక లెక్క చేతికివ్వడం న్యాయం కాదు. నెల సగమయ్యేసరికి వాడకం 110 యూనిట్లు దాటితే ఫోనుకు ఒక సందేశం పంపడం స్మార్ట్ మీటర్లు (వాడకాన్ని వేళవారీగా నమోదు చేసి దూరం నుంచే సంస్థకు తెలిపే మీటర్లు) ఉన్న చోట కష్టమైన పని కాదు. అంతవరకు మనమే నెలలో రెండుసార్లు మీటరు చూసి రాసుకోవాలి. మామూలు ఎలక్ట్రానిక్ మీటరులో యూనిట్లను చూపే తెర వద్ద ఆగి, కేడబ్ల్యూహెచ్ అని ఉన్న అంకెను తీసుకుంటే చాలు. బిల్లు చేతికి రాగానే రెండు రీడింగుల తేదీలను కూడా చూసుకోవాలి, వాటి మధ్య రోజులు పెరిగితే లెక్కకు వచ్చే యూనిట్లూ పెరుగుతాయి.

ఈ స్లాబుల లెక్క తెలిస్తే ఇంట్లో ఏ వస్తువు మార్చాలో తేలికగా తేలుతుంది. పాత సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంతో 75 వాట్ల వరకు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారు ఫ్యాను 30 వాట్ల దగ్గర అంతే గాలినిస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున నాలుగు ఫ్యాన్లు తిరిగే ఇంట్లో ఈ మార్పుతో నెలకు దాదాపు 65 యూనిట్లు మిగులుతాయి. ఆ ఇంటి వాడకం 260 నుంచి 195కు దిగితే ఎనర్జీ చార్జీ 1,482 రూపాయల నుంచి 796కు పడిపోతుంది. మిగిలిన ప్రతి యూనిట్ పది రూపాయలకు పైగా తెచ్చిపెట్టినట్టు. అదే 160 యూనిట్ల వాడకమున్న ఇంట్లో 65 యూనిట్లు తగ్గినా మిగిలేది అంతకన్నా తక్కువ, యూనిట్‌కు దాదాపు ఆరు రూపాయలు. అందువల్ల ఫ్యాన్లు మార్చమని అందరికీ ఒకే సలహా ఇవ్వలేను. 200 గీతకు కొంచెం పైన తిరుగుతున్న ఇళ్లకు మాత్రం ఏసీ కన్నా, కొత్త ఫ్రిజ్ కన్నా ముందు ఫ్యాన్లే మార్చమంటాను. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కూడా స్టార్ గుర్తు తప్పనిసరి అయింది, కొనేటప్పుడు డబ్బా మీది నక్షత్రాలతో పాటు వాట్లనూ, గాలి పరిమాణాన్నీ చదవాలి.

ఏసీ విషయానికి వస్తే, నెలకు 110 యూనిట్లు వాడే ఇంట్లో రాత్రి ఎనిమిది గంటలు నడిచే టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ ఒకటి చేరితే వాడకం 300 దాకా వెళ్లడం సాధారణం. అప్పుడు ఎనర్జీ చార్జీ 388 రూపాయల నుంచి 1,790కి చేరుతుంది. స్టార్ గుర్తు మీద ముద్రించే వార్షిక వినియోగాన్ని ఏడాదికి 1,600 గంటల నడకకు లెక్క కడతారు. రెండు ఏసీలను పోల్చడానికి అది సరిపోతుంది, మన ఇంటి ఖర్చును తేల్చడానికి మాత్రం మన గంటలే వేసుకోవాలి. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా నిబంధన ఉంది. రిమోటు తీసి దాన్ని 18కి దించితే గది త్వరగా చల్లబడదు, కంప్రెసరు ఎక్కువసేపు పూర్తి శక్తితో పనిచేస్తుంది, అంతే. 26 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాను వేసుకోవడం మన వాతావరణానికి సరిపోతుంది. కాలనీ ట్రాన్స్‌ఫార్మరుకు అది నేరుగా ఉపశమనం కలిగిస్తుంది.

గంటలను బట్టి ధర ఉండాలన్న ఆలోచన కొత్తది కాదు. 2023లో సవరించిన కేంద్ర నిబంధనలు వాణిజ్య, పారిశ్రామిక వినియోగదారుల తరువాత 2025 ఏప్రిల్ నుంచి వ్యవసాయం మినహా మిగతా వర్గాలకు కూడా, స్మార్ట్ మీటరు పెట్టిన చోట, వేళను బట్టి టారిఫ్ ఉండాలన్నాయి. ఎండ ఉన్న గంటల్లో 10 నుంచి 20 శాతం తగ్గింపు, అత్యధిక డిమాండు గంటల్లో అదనం దాని సారాంశం. సూత్రం సరైనదే, అయినా నాకొక ఆందోళన ఉంది. ఇరుకు గదిలో, పెంకు లేదా రేకుల కప్పు కింద ఉండేవారికి రాత్రి పది గంటలకు కూలరు నడపడం విలాసం కాదు. వారు తమ వాడకాన్ని మధ్యాహ్నానికి మార్చుకోలేరు. రాత్రి అదనాన్ని 200 యూనిట్ల లోపు ఇళ్లకు వర్తింపజేయకూడదు, పగటి తగ్గింపు మాత్రం అందరికీ ఇవ్వాలి. ఇది జరగకపోతే కొత్త మీటరు మీద జనానికి నమ్మకం కలగదు.

ఇంటి పైకప్పు సౌర విద్యుత్తు గురించి ఒక్క మాట. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు కిలోవాట్లు ఆపైన 78 వేల రూపాయల రాయితీ లభిస్తుంది. సొంత డాబా ఉండి నెలకు 300 యూనిట్లు దాటేవారికి అది మంచి బేరమే. అపార్ట్‌మెంటులో మాత్రం నలభై ఇళ్లకు ఒకటే కప్పు, దాని మీద నీళ్ల ట్యాంకులు, లిఫ్టు గది పోగా మిగిలేది కొంతే.

ఆ కొంత చోటును కూడా ఉపయోగించుకునే మార్గం ఉంది. ప్రతి అపార్ట్‌మెంటుకూ ఉమ్మడి మీటరు ఒకటి ఉంటుంది. లిఫ్టు, మెట్ల దీపాలు, బోరు మోటారు, సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు దాని మీదే నడుస్తాయి. వీటిలో మోటార్ల వేళ పూర్తిగా మన చేతిలో ఉన్నది. చాలాచోట్ల వాచ్‌మన్ ఉదయం ఆరు నుంచి, మళ్లీ సాయంత్రం ఏడు నుంచి మోటారు వేస్తాడు, ఆ రెండు వేళల్లోనే ఇళ్లలో గీజర్లు, ఏసీలు ఆన్ అవుతాయి. ట్యాంకు సామర్థ్యం చాలినచోట మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య నీళ్లెక్కిస్తే పైన పెట్టిన చిన్న సౌర పలకల కరెంటు అక్కడికక్కడే ఖర్చవుతుంది, సాయంత్రపు ఫీడరు మీద కొంత లోడు తగ్గుతుంది. ఇందుకు కావలసినది ఒక టైమరు, సంఘం సమావేశంలో ఒక తీర్మానం. ఇలా వేళ మార్చుకున్న భవనానికి ఇప్పటి బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గించదు. కనీసం ఉమ్మడి మీటర్లకైనా వెంటనే స్మార్ట్ మీటరు పెట్టి, పగటి తగ్గింపును వర్తింపజేయాలని సంస్థను, విద్యుత్ ధరలను నిర్ణయించే నియంత్రణ మండలిని కోరుతున్నాను. మండలి ఏటా టారిఫ్ ప్రతిపాదనల మీద బహిరంగ విచారణ జరిపి అభ్యంతరాలు స్వీకరిస్తుంది. అపార్ట్‌మెంటు సంఘాలు తమ ఉమ్మడి మీటరు ఏడాది బిల్లులను జత చేసి అక్కడ ఈ కోరికను లిఖితపూర్వకంగా ఇవ్వవచ్చు.