మాత్రా, క్యాప్సూలా, ప్యాచా? అమ్మ మతిమరుపు మందుల్లో ఏది మేలు?

వారానికి ఒక్కరైనా చీటీ కౌంటర్ మీద పెట్టి ఇదే అడుగుతారు. "నాన్నగారికి డాక్టరు రివాస్టిగ్మిన్ ప్యాచ్ రాశారండీ. అదే మందు క్యాప్సూల్‌గా చవగ్గా దొరుకుతుందట కదా, ఏది మంచిది?" అంటారు ఒకరు. "ఏడాదిగా డోనెపెజిల్ మాత్ర వేస్తున్నాం, ప్యాచ్‌కి మారిపోమంటారా?" అంటారు ఇంకొకరు. మార్చమనడానికీ మానమనడానికీ నేనెవర్ని, మందులు అమ్మేవాణ్ణి. కాకపోతే మా అమ్మకి ముందు రివాస్టిగ్మిన్ క్యాప్సూల్, తర్వాత అదే మందుని స్టిక్కరులా ఒంటికి అంటించే ప్యాచ్ వాడాం. మా మామగారికి డోనెపెజిల్ నడుస్తోంది. అంటే మూడూ ఇంట్లోనే చూసినవాణ్ణి. ఆ ధైర్యంతో రాస్తున్నాను.

అందరూ మొదట అడిగేది ఏది బాగా పనిచేస్తుందని. దీనికి జవాబు ప్యాచ్‌ని పరీక్షించినప్పుడే దొరికింది. ఆ పరీక్ష చేసిన తీరు నాకు భలే నచ్చుతుంది. 21 దేశాల్లో 1195 మంది అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) రోగుల్ని నాలుగు జట్లు చేశారు. ఒక జట్టుకి 10 చదరపు సెంటీమీటర్ల ప్యాచ్, ఒక జట్టుకి 20ది, ఒక జట్టుకి రోజుకి 12 మిల్లీగ్రాముల దాకా క్యాప్సూళ్ళు, నాలుగో జట్టుకి మందే లేదు. ఎవరికి ఏది పడిందో తెలియకూడదు గదా. అందుకని అందరికీ ప్యాచ్ అంటించారు, అందరిచేతా క్యాప్సూల్ మింగించారు. ప్యాచ్‌లో మందుంటే క్యాప్సూల్ ఉత్తిది, క్యాప్సూల్లో ఉంటే ప్యాచ్ ఉత్తిది, నాలుగో జట్టుకి రెండూ ఉత్తివే. 24 వారాలు ఇలాగే నడిపారు.

తీరా చూస్తే 10 సెంటీమీటర్ల ప్యాచ్, క్యాప్సూల్ జ్ఞాపకశక్తి పరీక్షలో సరిసమానంగా వచ్చాయి. ఆ పరీక్ష 70 పాయింట్లది. అందులో మందు లేని జట్టుకీ వీళ్ళకీ తేడా ఒకటిన్నర పాయింటు, చిల్లర. అంతే. ఖరీదు ఎక్కువ కాబట్టి ప్యాచ్ గట్టి మందు అయ్యుంటుందని, దానితో అమ్మ మళ్ళీ మునుపటిలా అవుతుందని ఆశపడి వచ్చేవాళ్ళకి ఈ అంకె ముందే చెప్పేస్తాను. కొందరు మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతారు. అయినా చెబుతాను.

అసలు తేడా కడుపు దగ్గర బయటపడింది. వికారం క్యాప్సూల్ జట్టులో నూటికి 23 మందికి వస్తే, 10 సెంటీమీటర్ల ప్యాచ్ జట్టులో 7గురికి వచ్చింది. మందే లేని జట్టులోనూ 5గురికి వచ్చిందంటే ఆ 7 ఎంత తక్కువో చూడండి. వాంతుల లెక్క కూడా అదే వరసలో 17, 6, 3. 20 సెంటీమీటర్ల పెద్ద ప్యాచ్ జ్ఞాపకశక్తి పరీక్షలో ఇంకాస్త మెరుగనిపించినా, కడుపులో తిప్పడంలో మాత్రం క్యాప్సూల్ దారే పట్టింది. అమెరికాలో 2007లో అనుమతి వచ్చినప్పుడు రోజూ వాడే మోతాదుగా నిలబడింది ఆ 10 సెంటీమీటర్లదే, పెట్టె మీద 9.5 అని రాసుండేది.

క్యాప్సూల్ వేసిన గంటకల్లా రక్తంలో మందు ఎగబాకుతుంది, తర్వాత అంతే జోరుగా దిగిపోతుంది. అందుకే రెండు పూటలా వేయాలి, రెండు పూటలా కడుపు ఆ పోటు తట్టుకోవాలి. ప్యాచ్ అయితే కుండకి చిల్లి పెట్టినట్టు 24 గంటలూ కారుతూ ఉంటుంది.

వికారమే కదా, ఓర్చుకుంటే పోతుంది అనుకునేవాణ్ణి నేనూ. మా అమ్మ తనకి కడుపులో తిప్పుతోందని ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పడానికి ఆ మాట ఆవిడకి అందాలి గదా. ఇడ్లీ పళ్ళెం పక్కకి నెట్టేసి "ఆకలి లేదురా" అనేది. మొండితనం అనుకుని మేం బతిమాలేవాళ్ళం, ఒక్కోసారి కోప్పడేవాళ్ళం. రెండు నెలలకి గాజులు మోచేతి దాకా జారుతుంటే అప్పుడు తూకం చూశాం. ఐదు కిలోలు తగ్గింది. డాక్టరు క్యాప్సూల్ ఆపించి మర్నాటి నుంచి ప్యాచ్ రాశారు. పదిహేను రోజుల్లో మజ్జిగన్నం అడిగి తింది. జ్ఞాపకం ఏమీ పెరగలేదు, నన్ను ఇప్పటికీ మా మావయ్య పేరుతోనే పిలుస్తుంది.

డోనెపెజిల్‌కి కూడా న్యాయం చేయాలి. పైన చెప్పిన పరీక్షలో అది లేదు కాబట్టి ఆ అంకెలు దానికి అంటగట్టకూడదు. ఇది 1996 నుంచి అమెరికాలో వాడుతున్న మందు. రోజుకి ఒక్క మాత్ర, ఖర్చు తక్కువ. ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 70 గంటలు పడుతుంది కాబట్టి ఒక పూట మరిచినా కొంప మునగదు. మా మామగారికి రాత్రి వేస్తే పిచ్చి కలలొచ్చి అర్ధరాత్రి లేచి తలుపు గడియ తీసేవారు. డాక్టరు పొద్దుటికి మార్చారు, సర్దుకుంది. తిండి తింటూ, నాడి సరిగా ఉండి, మాత్ర పేచీ లేకుండా మింగుతున్నవాళ్ళు ఖరీదైనది కదా అని ప్యాచ్‌కి ఎగబడక్కర్లేదు. మార్చాల్సివస్తే మాత్రం రెండూ కలిపి నడపకూడదు. రెండూ ఒకే జాతి మందులు, గుండె వేగాన్ని తగ్గించేవి. మొదలుపెట్టేముందు ఈసీజీ ఎందుకు రాశారని అడుగుతుంటారు, అందుకే.

ఇంతకీ నా లెక్కలో తేల్చేది ధర కాదు, పాయింట్లూ కాదు. ఇంట్లో ప్యాచ్ వేసేదెవరు, మర్నాడు తీసేదెవరు? ఈ రెండో ప్రశ్నకి జవాబు లేని ఇంటికి ప్యాచ్ వద్దంటాను.

9.5 ప్యాచ్‌లో 18 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రోజంతా ఒంట్లోకి వెళ్ళేది 9.5. అంటే మర్నాడు పొద్దున్న పాతదాంట్లో ఇంచుమించు సగం మిగిలే ఉంటుంది. అది తీయకుండా కొత్తది అంటిస్తే రెండూ పనిచేస్తూ పోతాయి. ఒకసారి ఓ అబ్బాయి వచ్చి వాళ్ళమ్మకి రెండ్రోజులుగా వాంతులంటూ మాత్ర అడిగాడు. ఆవిడ అన్నదమ్ముల మధ్య వంతుల మీద ఉంటుంది, నెల ఇక్కడ, నెల అక్కడ. "వీపు చూశారా?" అన్నాను. ఇంటికి ఫోన్ చేశాడు. కుడి భుజం వెనక కొత్తది, ఎడమ పక్క జాకెట్టు కింద పెద్దన్నయ్య ఇంట్లో వేసింది! తీసేసి ఆసుపత్రికి తీసుకెళ్ళమన్నాను. అదృష్టం, తేరుకుంది. ఇలా రెండు మూడు ప్యాచ్‌లు ఉండిపోయి ప్రాణం మీదికొచ్చిన కేసులు వేరే దేశాల్లోనూ ఉన్నాయి.

ఇంత చెప్పి మళ్ళీ ప్యాచ్ వైపే మొగ్గుతానేం అంటే, కంటికి కనిపించే మందు అదొక్కటే. మాత్ర మింగిందో, బుగ్గన దాచి తర్వాత కిటికీలోంచి ఉమ్మిందో ఎవరికి తెలుసు? ప్యాచ్ అయితే జాకెట్టు కాస్త పక్కకి తీసి చూస్తే తెలిసిపోతుంది. సన్న బాల్‌పెన్నుతో దాని మీద వారం పేరు రాయొచ్చు. మా ఆవిడ "బుధ" అని రాస్తుంది, అంతే. ఆ 24 వారాల పరీక్షలోనూ రోగుల్ని చూసుకునేవాళ్ళని అడిగితే నూటికి 70 మందికి పైగా ప్యాచే మేలన్నారట. అందరూ రెండూ వాడినవాళ్ళే కాబట్టి ఆ మాటకి విలువిస్తాను.

మొదటి వారం అమ్మకి చేతి పైభాగాన అంటించాం. మూడోరోజు అక్కడ లేదు. ఇల్లంతా వెతికితే అద్దం మీద, బొట్టు బిళ్ళల వరసలో, నీటుగా అతికించి ఉంది. "స్టిక్కరు పెద్దదైంది, రేపు పెట్టుకుంటా" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అప్పట్నుంచి చెయ్యి అందని చోటు, వీపు పైభాగం. రోజుకో పక్క, ఒకసారి అంటించిన చోట మళ్ళీ 14 రోజుల దాకా వద్దు, లేకపోతే చర్మం ఎర్రబడి దురద పెడుతుంది. ఊడిపోతే కొత్తది వేసి, మర్నాడు మామూలు వేళకే మార్చాలి.

మన ఇళ్ళల్లో ఇంకో తంటా నూనె. ఒంటికి నూనె పట్టించిన రోజు ప్యాచ్ నిలవదు. పౌడర్ చల్లినా అంతే. స్నానం అయ్యాక ఒళ్ళు బాగా తుడిచి, చెమట ఆరాక అంటించి, అరచేత్తో 30 సెకన్లు గట్టిగా నొక్కాలి. నడుం నొప్పని వేడినీళ్ళ సంచీ దాని మీద పెట్టకండి, వేడికి మందు ఎక్కువ దిగుతుంది. ఖర్చు కలిసొస్తుందని కత్తెరతో సగం చేసేవాళ్ళున్నారు, అది అసలు చేయకూడదు. తీసిన ప్యాచ్‌ని జిగురు లోపలికొచ్చేలా మడిచి, పిల్లలకి అందకుండా పారేయాలి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. డోనెపెజిల్‌కి కూడా వారానికొక్కసారి మార్చే ప్యాచ్ అమెరికాలో 2022లో వచ్చింది. ఫ్రిజ్‌లో దాచాలి. అమెరికాలో ఉన్న పిల్లలు దాని గురించి ఫోన్ చేసి అడుగుతుంటారు, అక్కడి డాక్టర్నే అడగమంటాను. ఇదే జాతికి చెందిన గాలంటమిన్ నా దగ్గర అడిగేవాళ్ళే తక్కువ. మెమంటిన్ వేరే జాతి, వీటికి పోటీ కాదు, వీటితో కలిపి కూడా రాస్తారు.

కాబట్టి క్యాప్సూల్, ప్యాచ్ మధ్య అయితే నా ఓటు ప్యాచ్‌కే. మాత్ర, ప్యాచ్ మధ్య అయితే మాత్ర పడినంతకాలం మాత్రే. తిండి తగ్గినా, మింగడం పేచీ అయినా ప్యాచ్ గురించి డాక్టర్ని అడగండి, రోజూ తీసే మనిషి ఇంట్లో ఉంటేనే.

ఇంకొకటి. పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ వెళ్ళి ప్యాచ్‌లు ఇంట్లో మరిచిపోయి, తిరిగొచ్చాక మామూలుగా 9.5 అంటించేస్తుంటారు. మూడు రోజులు దాటి మానేస్తే డాక్టరుతో మాట్లాడి మళ్ళీ చిన్న మోతాదు ప్యాచ్, అంటే 4.6 నుంచే మొదలుపెట్టాలి. షాపుకొచ్చేటప్పుడు పాత పెట్టె కూడా పట్టుకురండి. "ఆ చిన్న స్టిక్కరు లాంటిది ఇవ్వండి" అంటే ఏ బలానిదో నాకెలా తెలుస్తుంది?