బీగల్‌బోన్‌కి చౌక వైఫై డాంగిల్: రొయ్యల చెరువు గట్టు మీద నాలుగేళ్లు

భీమవరం దగ్గర మా బావ రొయ్యల చెరువు గట్టు మీద షెడ్డులో బీగల్‌బోన్ బ్లాక్ అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు నాలుగేళ్లుగా నడుస్తోంది. దాని పని చిన్నదే. నీటి ఉష్ణోగ్రత చూడటం, ఏరేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలకు) కరెంటు వస్తోందో లేదో కనిపెట్టడం, తేడా వస్తే బావ ఫోన్‌కి మెసేజ్ పంపడం. ఆ మెసేజ్ రాత్రి మూడు గంటలకు రాకపోతే ఏమవుతుందో రొయ్యలు వేసినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నీటిలో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది. అప్పుడు ఏరేటర్లు ఆగితే రొయ్యలు పైకి తేలతాయి, ఇక ఎవరు పరుగెత్తినా లాభం ఉండదు. ఆ బోర్డుని వైఫైకి కలపడానికి యూఎస్‌బీ పోర్టులో గుచ్చే 350 రూపాయల డాంగిల్ గురించి ఇంత రాయడానికి కారణం అదే.

బీగల్‌బోన్ బ్లాక్ 2013లో వచ్చిన బోర్డు. సర్క్యూట్ బొమ్మలతో సహా అన్నీ అందరికీ తెరిచి పెట్టిన డిజైన్. నా దగ్గరున్నదానిలో 4 జీబీ స్టోరేజీ బోర్డు మీదే ఉంది కాబట్టి ఎస్‌డీ కార్డు పాడవుతుందన్న భయం లేదు. కానీ వైఫై లేదు. ఈథర్‌నెట్ ఉంది కదా అని మొదట కేబుల్ లాగాం. రౌటర్ ఉన్న కాపలా గదికి గట్టు మీదుగా నలభై మీటర్లు. రెండు నెలల్లో ఎలుకలు రెండు చోట్ల కొరికేశాయి. దాంతో వైఫై తప్పలేదు.

మొదటి డాంగిల్ పేరున్న కంపెనీదే కొన్నాను. డబ్బా మీద 150 ఎంబీపీఎస్ అని, ఈ బోర్డు నడిచే లైనక్స్‌కి పనిచేస్తుందని రాసి ఉంది. పనిచేసింది కూడా, కాకపోతే దాని డ్రైవర్ (దాన్ని నడిపించే ప్రోగ్రాం) లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నల్‌లో లేదు. సోర్సు కోడ్ దించుకుని మనమే కంపైల్ చేసుకోవాలి (నడిచే ప్రోగ్రాంగా మార్చుకోవాలి), కెర్నల్ మారిన ప్రతిసారీ మళ్లీ చేయాలి. ఇది తెలిసీ తేలిగ్గా తీసుకున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం హైదరాబాద్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచే బోర్డులోకి వెళ్లే పద్ధతి) లాగిన్ అయి అప్‌గ్రేడ్ కొట్టి రీబూట్ చేశాను. బోర్డు మళ్లీ కనపడలేదు. కొత్త కెర్నల్, పాత డ్రైవర్. వైఫై లేదు కాబట్టి సరిచేయడానికి లోపలికి వెళ్లే దారీ లేదు. రాత్రి రైలెక్కి వెళ్లాను. ఆ రాత్రంతా బావ గట్టు మీదే కూర్చున్నాడు. తెల్లారి నన్ను చూసి ఒక్క మాటే అన్నాడు: "ఏరా, ఇది మమ్మల్ని కాపలా కాయడానికా, మేం దీన్ని కాయడానికా?" ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఆ తర్వాత నేను డబ్బా చూసి కొనడం మానేసి చిప్ చూసి కొనడం మొదలుపెట్టాను. డబ్బా మీద చిప్ పేరు ఉండదు, అదే చిక్కు. ఒకే మోడల్ పేరుతో రెండేళ్ల తేడాలో కొన్న రెండు డాంగిళ్లలో రెండు వేరు వేరు చిప్‌లు ఉండటం నేనే చూశాను. చేతికి రాగానే బోర్డుకి తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ ఇచ్చి ఐడీ చూడండి. 148ఎఫ్:5370 అని వస్తే అది రాలింక్ కంపెనీ ఆర్‌టీ5370 చిప్. నాలుగేళ్లుగా చెరువు దగ్గర ఉన్నది ఇదే. దీని డ్రైవర్ ఆర్‌టీ2800యూఎస్‌బీ ఎప్పటినుంచో కెర్నల్‌లోనే ఉంది. డెబియన్‌లో (ఒక రకం లైనక్స్) ఫర్మ్‌వేర్ ఫైలు, అంటే చిప్ లోపల నడిచే ప్రోగ్రాం, ఒక్కటి నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగం నుంచి (డెబియన్ 12కి ముందు నాన్-ఫ్రీ) వేసుకోవాలి. ఆ తర్వాత ఎన్ని కెర్నళ్లు మారినా నేను దాని జోలికి వెళ్లలేదు.

ఫర్మ్‌వేర్ కూడా ఓపెన్‌గానే ఉండాలి అనుకునేవారికి ఎథెరోస్ కంపెనీ ఏఆర్9271 చిప్ ఉంది. దాని ఫర్మ్‌వేర్ సోర్సు 2013లో బయటికి వచ్చింది. మనసుకి నచ్చింది అదే, ఇంట్లో వాడుతున్నాను కూడా. నాకు రెట్టింపు కంటే ఎక్కువ ధర పడింది కాబట్టి ఉప్పుగాలిలో పెట్టడానికి చేయి రాలేదు. మీడియాటెక్ ఎంటీ7601యూ కూడా చవకే, డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. కాకపోతే ఆ డ్రైవర్‌తో బోర్డునే హాట్‌స్పాట్‌గా మార్చడం కుదరదు. అవసరం లేకపోతే తీసుకోవచ్చు.

చిప్ సరైనదే అయినా మొదటి వారం సిగ్నల్ ఏడిపించింది. బీగల్‌బోన్‌లో ఉన్నది ఒకటే యూఎస్‌బీ పోర్టు. గోరంత డాంగిల్‌ని అందులో గుచ్చితే అది బోర్డుకి అంటుకుపోయి ఉంటుంది, బోర్డు లోపలి గ్రౌండ్ రాగి పొర సిగ్నల్‌ని మింగేస్తుంది. సిగ్నల్ బలం మైనస్ 78 డీబీఎం చూపించేది. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి, డాంగిల్‌ని కిటికీ ఊచకి ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టాను. మైనస్ 64కి వచ్చింది. సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. అరవై రూపాయల కేబుల్ చేసిన మేలు ఇంకేదీ చేయలేదు.

పవర్ విషయంలో పిసినారితనం వద్దు. కంప్యూటర్ నుంచి మినీ యూఎస్‌బీ ద్వారా ఇస్తే బోర్డు 500 మిల్లీయాంపులకి మించి తీసుకోదు, డాంగిల్ పంపడం మొదలెట్టగానే తడబడుతుంది. గుండ్రటి పోర్టుకి 5 వోల్టులు, 2 యాంపుల అడాప్టర్ పెట్టండి. మా షెడ్డులో అడాప్టరు, గదిలో రౌటరు రెండూ ఇన్వర్టర్ మీదే ఉన్నాయి, లేకపోతే కరెంటు పోయిందన్న మెసేజ్ కరెంటుతోపాటే పోతుంది. నా బోర్డులో అయితే బూట్ కాకముందే డాంగిల్ పెట్టి ఉంచాలి, మధ్యలో పెడితే గుర్తించదు.

మూడో ఏడు వానాకాలంలో కనెక్షన్ రోజుకి రెండుసార్లు తెగడం మొదలైంది. చిప్ పోయిందనుకుని టెన్షన్ పడ్డాను. విప్పి చూస్తే కేబుల్ చివర పచ్చగా చిలుము పట్టి ఉంది. డాంగిల్ మొనని స్పిరిట్‌తో తుడిచి కొత్త కేబుల్ వేస్తే మళ్లీ ఎప్పటిలాగే నడిచింది. ఇప్పుడు ఏటా వానలకి ముందు కేబుల్ మార్చేస్తున్నాం.

అదే చిప్ ఉన్న ఇంకో డాంగిల్ కొని, ఇంట్లో పరీక్షించి, 5370 అని మార్కర్‌తో రాసి షెడ్డులో స్టీలు డబ్బాలో పెట్టాను. ఏది పీకి ఏది గుచ్చాలో, ఆ తర్వాత ఏ స్విచ్ ఆపి మళ్లీ వేయాలో కాపలా కుర్రాడికి రెండుసార్లు చేయించి చూపించాను. మొన్న పండక్కి వెళ్తే వాడే నాకు చేసి చూపించాడు.