పెరియమేట్ నుంచి ఆంబూరు దాకా: తోలు కుట్టే పాత మిషన్ కోసం నాలుగు రోజులు

విజయవాడలో తోలు సంచులు, బెల్టులు కుట్టే మా చిన్న దుకాణానికి ఒక పాత ఫ్యాక్టరీ మిషన్ కొనాలని, గడచిన మాఘమాసంలో నాలుగు రోజులు చెన్నై, ఆంబూరు తిరిగి వచ్చాను. దర్జీ మిషన్‌లో కింది పళ్లు కింది పొరను మాత్రమే లాగుతాయి కాబట్టి, బెల్టు చివరికి వచ్చేసరికి పై పొర వెనకబడి అంచులు కలిసేవి కావు. అందువల్ల సూది, లోపలి పాదం, పళ్లు మూడూ కలిసి తోలును ముందుకు నడిపే వాకింగ్ ఫుట్ మిషన్ తప్ప మరొకటి కొనకూడదని బయలుదేరక ముందే నిశ్చయించుకున్నాను.

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో పొద్దున ఎక్కి మధ్యాహ్నం సెంట్రల్‌లో దిగితే, అక్కడి నుంచి తోలు బజారు ఉన్న పెరియమేట్‌కు నడిచి వెళ్లవచ్చు. బజారుకు ఆనుకొని ఉన్న ఒక లాడ్జిలో రోజుకు 1,400 రూపాయలకు రెండు రాత్రులు ఉన్నాను. గది శుభ్రంగానే ఉంది గానీ, లిఫ్టు లేని మూడో అంతస్తుకు తోలు చుట్టలు మోయడం, అర్ధరాత్రి దాకా కింద సరుకు ఎత్తే చప్పుడు భరించడం కష్టమైంది. తోలు కొనేవారికి ఆ చోటు అనువైనదే, నిద్ర కావలసినవారికి కాదు.

సైడెన్‌హామ్స్ రోడ్డు, దాని పక్క సందులు తోలుకూ బకిల్స్‌కూ దారానికీ సూదులకూ పెట్టింది పేరు. 2008లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈస్ట్ ఇండియా తోలును పూర్వం మన తంగేడు బెరడుతో పదును చేసేవారన్న సంగతి గుర్తుకు వచ్చి, ఆ తోలు ముక్కను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు ఎంతో ఆత్మీయంగా అనిపించింది. మిషన్ల విషయంలో మాత్రం ఆ బజారు నాకు నచ్చలేదు. ఒక దుకాణంలో కొత్తగా రంగు వేసిన సింగర్ 29కె చూపించి 22,000 చెప్పారు. స్కాట్లాండ్‌లోని కిల్‌బౌయీ కర్మాగారంలో తయారైన ఈ మిషన్ పాదం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది కాబట్టి, చెప్పులు, బూట్లు, సంచి మూలలు బాగుచేసేవారికి దానిని మించినది లేదు. అయితే దానిలో తోలును నడిపేది ఆ పాదమే. నడిపే భాగాలు అరిగినకొద్దీ కుట్టు పొడవు తగ్గిపోతుంది, చిన్న బాబిన్‌లోని దారం పొడవాటి బెల్టులకు చాలదు. నా తోలు ముక్క మీద కుట్టి చూస్తానంటే యజమాని ఒప్పుకోలేదు. రంగు కింద ఎంత అరుగుదల దాగి ఉందో తెలియకుండా ఏ మిషన్‌కూ డబ్బు ఇవ్వకూడదని నా నమ్మకం కాబట్టి అక్కడితో ఆ బేరం వదులుకున్నాను.

మూడో రోజు రైలులో సుమారు 180 కిలోమీటర్ల దూరంలో బూట్ల కర్మాగారాలున్న ఆంబూరు చేరాను. అక్కడ ఉర్దూ మాట్లాడేవారు ఎక్కువ కావడంతో నాకు వచ్చిన కొద్దిపాటి దక్కనీతోనే బేరం సాగింది. 900 రూపాయల గది చిన్నదే అయినా, కొన్న సరుకును ఆ రాత్రికి మెట్ల కింద పెట్టుకోనిచ్చారు. మిషన్ కొనడానికి వెళ్లినవాడికి అంతకన్నా పెద్ద సౌకర్యం లేదు. జీరక సాంబ బియ్యంతో వండే బిర్యానీ, వంకాయ కూర కూడా బాగున్నాయి.

బూట్ల కర్మాగారాలు వదిలించుకున్న మిషన్లను బాగుచేసే ఒక షెడ్డులో సింగర్ 111డబ్ల్యూ155 దొరికింది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ కర్మాగారపు మిషన్లకు ఆ డబ్ల్యూ గుర్తు. మెకానిక్ తానే మిషన్ తలను, అంటే టేబులు మీద ఉండే కుట్టే భాగాన్ని, వెనక్కి వంచి అడుగు భాగం చూపించారు. సూది కడ్డీని చేత్తో కదిపి ఎంత వదులుగా ఉందో చూశాను. పై దారాన్ని పట్టుకొనే హుక్ మొనను గోటితో తడిమాను. తరువాత మోటారు ఆపి, చేతి చక్రాన్ని తిప్పుతూ రెండు పొరల తోలు మీద నుంచి నాలుగు పొరల మీదకు ఎక్కించి, మళ్లీ దింపాను. ఎక్కే చోటా దిగే చోటా కుట్టు పొడవు మారలేదు, వెనక వైపు దారం వదులు కాలేదు. రంగు పలచబడి అక్కడక్కడా ఇనుము కనిపిస్తున్నా, టేబులుతో కలిపి 31,000కు సంతోషంగా తీసుకున్నాను.

రవాణాలోనే నష్టపోయాను. తలను టేబులు నుంచి విడదీయకుండా లారీ పార్సిల్‌లో వేయించడం నా తప్పు, బోర్లా దించడం వారి తప్పు. దారం స్టాండు విరిగింది, చేతి చక్రం అంచు పగిలింది. తలను విడిగా చెక్కపెట్టెలో బిగించి పంపితే ఇంత జరిగేది కాదు.

ఐదు నెలలుగా రోజూ దాని మీదే కుడుతున్నాను. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే పాత క్లచ్ మోటారుతో మూలల దగ్గర చేయి అదుపు తప్పేది. వేగాన్ని తగ్గించుకోగలిగే సర్వో మోటారు, చిన్న పుల్లీ అమర్చిన తరువాత ఒక్కొక్క కుట్టునూ లెక్కపెడుతూ వేయగలుగుతున్నాను. దీనికి రివర్సు లేదు కాబట్టి కుట్టు చివర తోలును తిప్పి రెండు మూడు కుట్లు అవే రంధ్రాల్లో వేయాలి. దారం హుక్‌లో చిక్కితే సేఫ్టీ క్లచ్ విడిపోయి మిషన్‌ను కాపాడుతుంది. అప్పుడు బలవంతంగా తిప్పకూడదు, దారం తీసి క్లచ్‌ను మళ్లీ కలపాలి. టెక్స్ 135 మందం (టెక్స్ దారం మందానికి కొలత) గల బాండెడ్ నైలాన్ దారానికి 23వ నంబరు సూది సరిపోతోంది. తోలుకు 135×16 రకం, గుడ్డకు 135×17 రకం సూదులు వాడాలి. మా ఊళ్లో రెండో రకమే దొరుకుతోంది. పెరియమేట్‌లో కొన్న తోలు సూదుల్లో ఇంకొక్క ప్యాకెట్టే మిగిలింది కాబట్టి వచ్చే నెల మళ్లీ చెన్నై వెళుతున్నాను, ఈసారి సెంట్రల్‌కు అవతలి వైపు గది తీసుకుంటాను.