సత్యభామ జడా, శశిరేఖ నడకా: నాట్యానికి ఏది మేలు?

నాట్యంతో కథ నడపడానికి రంగస్థలం మేలా, సినిమా మేలా? కూచిపూడి వాళ్ల చేతి పని ఉన్న రెండింటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

సత్యభామ కథ ఆడే కూచిపూడి నాటకం భామాకలాపంలో ముందు మనిషి రాదు, జడ వస్తుంది. తెర వెనక నిలబడ్డ సత్యభామ జడను తెర మీంచి ఇవతలికి వేస్తుంది. నన్ను ఓడించేవాళ్లుంటే ఈ జడ కోసుకోవచ్చన్న సవాలు అది. ఆ తర్వాతే ప్రవేశ దరువు, అంటే పాత్ర తానెవరో చెప్పుకుంటూ వచ్చే పాట, 'భామనే సత్యభామనే'. ఆ ఒక్క ముక్క తిరిగొచ్చిన ప్రతిసారీ అభినయం మారుతుంది: ఒకసారి అందం, ఒకసారి అహం, ఇంకోసారి కృష్ణుడు తన కొంగుకు కట్టుబడి ఉన్నాడన్న ధీమా. ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ లాంటివాళ్లు ఈ వేషం కడితే లోపలి మగవాడు ఎక్కడా బయటపడకూడదు.

'మాయాబజార్' (1957)లో లెక్క తిరగబడింది. 'అహ నా పెళ్ళియంట' పాటలో ఆడేది సావిత్రి, శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. కాబట్టి ఇక్కడ లోపలి మగవాడు బయటపడాలి. వయ్యారంగా నడుస్తున్న పిల్ల ఉన్నట్టుండి రాక్షసుడిలా బిగుసుకుంటుంది, సుశీల పాటలోకి ఘంటసాల గొంతు దూరుతుంది. మాట అక్కర్లేకుండానే మాయ అర్థమైపోతుంది. నాట్యం కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి కూచిపూడి మనిషే.

ఇలాంటి తమాషాకు సినిమాయే మేలు. కనుబొమ్మ ఎగరేస్తే ఆఖరి బెంచీవాడికీ కనిపిస్తుంది. వేదిక మీద ఆ మెరుపు పదో వరుస దాటడం కష్టం.

అలక, విరహం దగ్గరికొస్తే మాత్రం నా ఓటు రంగస్థలానికే. చెలికత్తె మాధవి చేత కృష్ణుడికి లేఖ పంపే ఘట్టంలో సత్యభామ బెట్టు కొంచెం కొంచెంగా కరుగుతుంది. దానికి టైమ్ కావాలి. సినిమా పాటకు ఉండేది నాలుగైదు నిమిషాలు. పైగా మంచి జతి (తాళానికి వేసే అడుగుల వరుస) పడుతున్నప్పుడే కెమెరా ముఖం మీదికి పోతుంది, పాదాలు మాయం. (ఇది నా పాత చిరాకు.) వేదిక మీద ఎటు చూడాలో మన ఇష్టం.

దూరంగా ఒక్క కెమెరా పెట్టి తీసిన వేదిక వీడియోలు మాత్రం రెంటికీ చెడ్డ రేవడి: ముఖమూ తెలియదు, గజ్జెల చప్పుడూ సరిగా వినపడదు. 'మాయాబజార్'కి ఇంట్లో టీవీ చాలు. భామాకలాపానికి మాత్రం కాస్త ముందుగా వెళ్లి మొదటి వరుసల్లో చోటు పట్టండి.