పుస్తకాలపై అమెరికా సుంకం లేదు: ఎవరైనా అడిగితే కట్టకండి

పాత తెలుగు పుస్తకాలను అమెరికాకు తెప్పించుకొనేవారికి ఈ హెచ్చరిక. హైదరాబాదు నుంచి వాట్సాప్ ద్వారా పాత నిఘంటువులు, శతకాలు, తొలి ముద్రణలు పంపే ఆ వ్యాపారి ఎవరో మీలో సగం మందికి తెలుసు కాబట్టి పేరు రాయడం లేదు. రాసినా ఆయనకు సిగ్గు కలుగుతుందన్న నమ్మకం నిన్న రాత్రి ఫోను సంభాషణ తరువాత నాకు మిగలలేదు.

2025 సెప్టెంబరు మొదటి వారంలో ఏడు పుస్తకాలకు 18,400 రూపాయలు, కొరియరుకు 14,600 రూపాయలు, ఆపైన ‘ట్రంపు టారిఫు 50 శాతం’ అన్న పద్దు కింద 9,200 రూపాయలు, మొత్తం 42,200 రూపాయలు భారతదేశంలో నాకున్న ఎన్‌ఆర్‌ఓ (ప్రవాస భారతీయుల) బ్యాంకు ఖాతా నుంచి ఆయనకు పంపాను. ఆ పద్దును అనుమానించే స్థితిలో అప్పుడు ఎవరూ లేరు. 2025 ఆగస్టు 25 నుంచి భారత తపాలా శాఖ అమెరికాకు పార్శిళ్ళు తీసుకోవడం ఆపేసింది. 27న భారతదేశపు సరుకులపై సుంకం 50 శాతానికి పెరిగింది. 29న 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు అంతవరకూ ఉన్న మినహాయింపు పోయింది. ఈ మూడు వార్తలూ ఒకే వారంలో చదివినవాడికి నాలుగోదిగా ‘పుస్తకాలకూ కట్టాలి బాబూ’ అన్న మాట వినిపిస్తే అది కూడా వార్తలాగే వినిపిస్తుంది.

అసలు సంగతి వేరు. ఈ సుంకాలకు ఆధారంగా చూపించిన 1977 నాటి అమెరికా అత్యవసర ఆర్థిక అధికారాల చట్టంలోనే పుస్తకాలు, పత్రికల వంటి సమాచార సామగ్రి దిగుమతిని అధ్యక్షుడు నియంత్రించరాదన్న నిబంధన ఉంది. 1988లో బెర్మన్ సవరణ పేరుతో అది చట్టంలో చేరింది. సుంకాల ఉత్తర్వులలోనూ, 800 డాలర్ల మినహాయింపును తీసేసిన 2025 జూలై 30 నాటి ఉత్తర్వులోనూ ఆ సామగ్రిని విడిగా పక్కన పెట్టారు. ముద్రిత పుస్తకాలపై మామూలు దిగుమతి సుంకం ఎలాగూ లేదు. అంటే నా ఏడు పుస్తకాలపై కట్టవలసినది సున్నా.

వ్యాపారికి కష్టం రాలేదని నేను అనను. అప్పుడు తపాలా ఆగిపోవడంతో ఒక్క మనిషి నడిపే దుకాణానికి కొరియరు తప్ప దారి లేకపోయింది. ఇంతే బరువున్న పెట్టెకు అంతకుముందు ఏడాది తపాలాలో అయిన ఖర్చు ఈ కొరియరు రుసుములో దాదాపు సగం. సుంకం లేని సరుకుకు కూడా కస్టమ్స్ వర్గీకరణ సంఖ్య, తయారైన దేశం, ఒక్కొక్క పుస్తకం వెల రాసి పంపాలి. నాలుగు వందల రూపాయల శతకానికి రెండు వేల రూపాయల రవాణా ఖర్చు పెట్టి కొనేవారు ఎందరుంటారు? ఆర్డర్లు సగానికి పైగా పడిపోయాయని ఆయన చెప్పినప్పుడు నిజంగానే బాధపడ్డాను. ఆ బాధతోనే, ప్యాకింగుకు ఉంచుకోండి మాస్టారూ అని మరో వెయ్యి రూపాయలు కూడా పంపాను. నా అంతటి ఉదారుడు దొరికినప్పుడు ఆయన మాత్రం ఏం చేస్తారు పాపం!

పెట్టె మొన్న శుక్రవారం వచ్చింది. పుస్తకాలు చక్కగానే ఉన్నాయి, చిన్న నిఘంటువు అట్ట లోపల ఎవరిదో గ్రంథాలయపు ఊదారంగు ముద్ర కూడా చెక్కుచెదరలేదు. పెట్టె మీద అంటించిన ప్లాస్టిక్ సంచిలో ఆయన స్వయంగా నింపిన ఇన్వాయిసు ఉంది. అందులో ‘ముద్రిత పుస్తకాలు, 4901’ అని ఆయన గుండ్రని చేతిరాతలో స్పష్టంగా ఉంది. కొరియరు సంస్థ ఈమెయిలులో పంపిన కస్టమ్స్ పత్రంలో సుంకం గడిలో 0.00 అని ఉంది. పుస్తకాలకు ఏ సంఖ్య వేయాలో తెలిసిన మనిషికి ఆ సంఖ్యపై సుంకం లేదని తెలియదంటే నేను నమ్మను.

అయినా పొరపాటు కావచ్చు, అడిగితే తిరిగి ఇస్తారనుకొని నిన్న రాత్రి ఫోను చేశాను. రెండు పత్రాల ఫోటోలూ ముందే పంపాను. అయిదేళ్ళుగా నన్ను ‘బాబూ’ అని తప్ప పిలవని ఆయన ఆ క్షణాన ‘ఏమండీ’ అన్నారు. ‘ఏమండీ, పుస్తకాలు చేరాయా లేదా? చేరాయిగా! టారిఫు ఉందో లేదో నాకెందుకు, అందరూ వసూలు చేస్తున్నారు, నేనూ చేశాను. డాలర్లలో సంపాదించేవారికి తొమ్మిది వేలు ఒక లెక్కా? అంత పట్టింపుగా ఉంటే మీ ట్రంపుగారినే అడగండి.’ వెనుక ఎవరో నవ్విన చప్పుడు వినిపించింది. ఆ తొమ్మిది వేల కంటే ఆ నవ్వే నన్ను తెల్లవార్లూ నిద్రపోనివ్వలేదు. వ్యాపారం బాగాలేదు, కొంచెం ఎక్కువ ఇవ్వండి అని ఆయన తిన్నగా అడిగి ఉంటే నేను ఇచ్చేవాణ్ణి. ఆయనకు అది తెలుసు. సందట్లో సడేమియాగా, వార్తాపత్రికల భయాన్ని బిల్లులో ఒక పద్దు చేసి వసూలు చేశారు.

నా తప్పు కూడా ఉంది. ఉద్యోగంలో రోజూ ఇతరుల ఒప్పందాలలో కామాలు సరిచూసే నేను, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఉత్తర్వును డబ్బు పంపాక నాలుగు వారాలకు గానీ చదవలేదు.

మీరు కొనేటప్పుడు ఇన్వాయిసులో 4901 అని రాయించుకోండి, సుంకం పేరుతో ముందుగా ఎవరికీ డబ్బు పంపకండి, కట్టామని చెబితే కొరియరు రసీదు అడగండి. పుస్తకాలతో పాటు చెక్క వ్యాసపీఠం (పుస్తకం పెట్టుకొని చదువుకొనే పీట) వంటిదేదైనా ఒకే పెట్టెలో పెట్టించుకుంటే దానికి మాత్రం సుంకం పడవచ్చు, విడిగా లెక్క చూసుకోండి. ఈ ఉదయం ఆయన నన్ను వాట్సాప్‌లో బ్లాక్ చేశారు కాబట్టి నా మాట ఆయనకు చేరే దారి లేదు. మీలో ఎవరైనా ఆయనతో మాట్లాడితే, 9,200 రూపాయలు ఇంకా బాకీ ఉన్నాయని, ఆ ప్యాకింగు వెయ్యి మాత్రం ఉంచుకోవచ్చని చెప్పండి.